రెండు పడవల మీద కాలు

మారిషస్ సముద్రంలో కాటమరాన్ మీద ఒక పగలు: పడవ పనితనం, పగడపు దిబ్బ, ఆ దీవుల గతం

గ్రాండ్ బే జెట్టీ చివర ఒక ప్లాస్టిక్ బుట్ట ఉంటుంది. పడవ ఎక్కేవాళ్లంతా చెప్పులు అందులో వదలాలి. డెక్కు మీదికి వట్టికాళ్లతోనే వెళ్లాలి. ఉదయం తొమ్మిదిన్నరయ్యేసరికి ఆ బుట్ట నిండిపోతుంది. కొత్త దంపతుల హవాయి చెప్పులు, పిల్లల రంగురంగుల శాండల్స్, మనవళ్లతో కలిసి వచ్చిన పెద్దాయన తోలు చెప్పులు అన్నీ అందులోనే. లంగరు పైకి వస్తుంది. పడవ రేవు దాటగానే తెరచాప లేస్తుంది. పిల్లలు ముందుకు పరుగెత్తి, రెండు పడవ ముక్కుల మధ్య బిగించి కట్టిన వల మీద బోర్లా పడుకుంటారు. నులక మంచం మీద పడుకున్నట్టే ఉంటుంది. కాకపోతే అల్లిక సందుల్లోంచి కిందికి చూస్తే గజం దూరంలో సముద్రం పరుగెడుతుంటుంది. దిబ్బ దాటాక తొలి అల తగిలి, నీళ్లు వల గుండా పైకెగిరి ముఖాన కొడతాయి. ఒక్కసారిగా కేకలు, నవ్వులు. పిల్లల్ని లేవమన్నా ఇక లేవరు.

2024 జనవరిలో లక్షద్వీప్, మాల్దీవుల గురించి దేశమంతా మాట్లాడుకున్న తర్వాత దీవుల్లో సెలవు గడపడమన్నది తెలుగు ఇళ్లలోనూ మామూలు మాటైంది. ఆ మాటల్లో మారిషస్ పేరు తరచూ వినిపిస్తుంది. భారతీయులు ముందుగా వీసా తీసుకోనక్కర్లేదు. ముంబై నుంచి విమానంలో ఆరు గంటల ప్రయాణం. అక్కడి గడియారం మనకన్నా గంటన్నర వెనక నడుస్తుంది. వెళ్లినవాళ్లు తిరిగొచ్చి చెప్పే ముచ్చట్లలో మొదట వచ్చేది కాటమరాన్ మీద గడిపిన రోజే. ఉదయం బయల్దేరి, ఒకటో రెండో దీవులు చూసి, నీళ్లలో దిగి, పడవ మీదే భోంచేసి, సాయంత్రం నాలుగింటికి తిరిగి వచ్చే ప్రయాణమిది. ఇంత హాయిగా సాగే ఆ పగటి వెనుక ఒక తెలివైన పడవ ఉంది, దీవిని చుట్టి కాపాడే ఒక దిబ్బ ఉంది. తెలుగువాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన కొంత గతమూ ఉంది.

పడవ ఎందుకు ఒరగదు

మామూలు తెరచాప పడవకు ఒకే దేహం ఉంటుంది. గాలి తెరచాపను నెడితే పడవ పక్కకు ఒరుగుతుంది. బోల్తా పడకుండా దాని అడుగున బరువైన ఇనుమో సీసమో కడతారు. ఆ బరువే దాన్ని మళ్లీ నిలబెడుతుంది. కాటమరాన్ పద్ధతి వేరు. సన్నటి రెండు పడవలను పక్కపక్కన ఉంచి, మధ్యలో డెక్కు వేసి బిగిస్తే అదే కాటమరాన్. ఇక్కడ నిలకడ బరువు వల్ల కాదు, వెడల్పు వల్ల వస్తుంది. పన్నెండు మీటర్ల మామూలు పడవ నాలుగు మీటర్ల వెడల్పుంటే, అంతే పొడవున్న కాటమరాన్ ఆరున్నర, ఏడు మీటర్ల వెడల్పుంటుంది. గాలికి మామూలు పడవ ఇరవై డిగ్రీల దాకా ఒరిగే చోట ఇది సాధారణంగా ఐదు డిగ్రీలు కూడా ఒరగదు. బల్ల మీద పెట్టిన గ్లాసు అక్కడే ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ కూడా నిశ్చింతగా కూర్చుంటుంది.

అడుగున బరువు లేకపోవడం వల్ల ఇంకో మేలుంది. పడవ నీళ్లలోకి ఎక్కువ దిగదు. అదే పొడవున్న మామూలు పడవకు రెండు మీటర్ల లోతు నీళ్లు కావాలి. కాటమరాన్‌కు ఒక మీటరు, మహా అయితే మీటరుంబావు చాలు. అందుకే మిగతా పెద్ద పడవలు దూరంగా ఆగిపోయే చోట ఇది ఒడ్డు దగ్గరి పలచటి నీళ్లలోకి వెళ్లి నిలబడుతుంది. ఒక్కో దేహంలో ఒక్కో ఇంజను ఉంటుంది. ఒకదాన్ని ముందుకు, ఇంకోదాన్ని వెనక్కు తిప్పితే పడవ ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. ఇరుకు రేవుల్లో కెప్టెన్లకు ఇది పెద్ద వరం. ముందున్న వల కూడా అలంకారానికి కట్టింది కాదు. అక్కడ గట్టి డెక్కు వేస్తే ముక్కు బరువెక్కుతుంది, మీదపడ్డ అల నీళ్లు నిలిచిపోతాయి. వలైతే ఎక్కిన నీరు ఎక్కినట్టే జారిపోతుంది.

లోపాలూ లేకపోలేదు. పెద్ద అలలు రెండు దేహాల మధ్య డెక్కు అడుగున తపతపా కొడతాయి; ఎదురుగాలిలో ఆ చప్పుడుకు కొందరు బెదిరిపోతారు. ఎప్పుడైనా తలకిందులైతే మాత్రం, అడుగు బరువున్న పడవలా అది తనంతట తాను లేవదు. అందుకే గాలి హెచ్చినప్పుడు తెరచాపను ముందే తగ్గించే కెప్టెనే మంచి కెప్టెన్. ‘చాప పూర్తిగా ఎత్తండి, ఇంకా వేగంగా పోనివ్వండి’ అని ప్రయాణికులు ఆయన్ని తొందర పెట్టకూడదు.

> జంట పడవల దారి
>
> రెండు దేహాల పడవ పసిఫిక్ దీవులవాళ్ల విద్య. పాలినీసియన్లు జంట పడవల్లో వేల కిలోమీటర్లు దాటి దీవులకు వలస వెళ్లారు. ఆ విద్య నిజమైనదేనని చూపడానికి 1976లో ‘హోకులేఆ’ అనే జంట పడవ ఆధునిక పరికరాలేవీ లేకుండా నక్షత్రాలు, అలల ఆధారంగా హవాయి నుంచి తాహితీకి చేరింది. దారి చూపినవారు మైక్రోనీసియాకు చెందిన మావ్ పియాయిలుగ్.
>
> అమెరికాలో నథానియల్ హెరెషాఫ్ 1876లో ‘అమరిల్లిస్’ అనే కాటమరాన్ కట్టి న్యూయార్క్ పోటీలో మిగతా పడవలను వెనక్కు నెట్టారు. ఆ తర్వాత అలాంటి పడవలను పోటీలకు రానివ్వలేదు. 2013లో అమెరికాస్ కప్ పోటీ మొత్తం కాటమరాన్ల మీదే జరిగింది.
>
> ఈ జంట పడవలకు భిన్నంగా, మన తూర్పు తీరంలో మత్స్యకారులు తేలికపాటి దుంగలను తాళ్లతో కట్టి చేసుకునే తెప్పకు వేరే దేహమంటూ ఉండదు. నీరు సందుల్లోంచి పోతుంది కాబట్టి అది మునగదు. అలల్ని చీల్చుకుని నేరుగా ఇసుక మీదికి ఎక్కుతుంది. ఇప్పుడు ఫైబర్ పడవలు దాని చోటు తీసుకుంటున్నాయి.

దిబ్బ గీసిన హద్దు

మారిషస్ అగ్నిపర్వతాల వల్ల పుట్టిన దీవి. విస్తీర్ణం సుమారు 2,040 చదరపు కిలోమీటర్లు. దాదాపు దీవి చుట్టూ పగడపు దిబ్బ ఉంది. దక్షిణాన సూయాక్ దగ్గర గ్రి గ్రి లాంటి కొన్ని చోట్ల మాత్రం అది లేదు. అక్కడ సముద్రం నేరుగా నల్లరాళ్ల కొండచరియలను కొడుతుంది. ఆ హోరు ఒకసారి విన్నవాళ్లకు దిబ్బ చేసే మేలు వేరే చెప్పక్కర్లేదు. మిగతా అన్ని వైపులా పెద్ద అలలు దిబ్బ మీదే విరిగి తెల్లని నురగ గీతగా మిగిలిపోతాయి. గీతకు లోపలి పక్క నిలకడైన పలచటి నీరే లగూన్. నడుం లోతు నీళ్లలో నిలబడితే గోళ్ల రంగు కూడా కనిపిస్తుంది.

కెప్టెన్లకు ఆ నీటి రంగే పటం. ముదురు నీలమైతే లోతు ఎక్కువ. లేత ఆకుపచ్చైతే అడుగున ఇసుక. గోధుమ రంగు మచ్చలు కనిపిస్తే పగడాలు పైకి వచ్చేశాయన్నమాట. సూర్యుడు నెత్తి మీదో వెనకో ఉంటేనే ఈ రంగులు తేటగా తెలుస్తాయి. పొద్దు వాలి ఎదురుగా వస్తే నీటి మెరుపు తప్ప ఏమీ కనబడదు. పగటి ప్రయాణాలు నాలుగింటికల్లా ముగియడానికి ఇదొక కారణం.

ఏ తీరం, ఏ దారి

కాటమరాన్లు ముఖ్యంగా మూడు తీరాల నుంచి బయల్దేరతాయి. తూర్పున ట్రూ దో దూస్ నుంచి ఇల్ ఓ సెర్ఫ్ దీవికి వెళ్లేది అందరికీ తెలిసిన దారి. తెల్ల ఇసుక, గోల్ఫ్ మైదానం, నీటి ఆటలు, వీటితోపాటు ఎప్పుడూ జనమే. దారిలో గ్రాండ్ రివర్ సౌత్ ఈస్ట్ అనే నది ముఖద్వారం దగ్గర ఒక జలపాతాన్ని చూపిస్తారు. చిన్నపిల్లలున్న కుటుంబాలకు ఈ దారి తేలిక. ఏకాంతం కోరేవాళ్లకు అంత నచ్చదు.

పడమటి దారి బ్లాక్ రివర్ వైపు నుంచి మొదలవుతుంది. తమారిన్ అఖాతంలో ఉదయం వేళ డాల్ఫిన్లు కనిపిస్తాయి. స్పిన్నర్ డాల్ఫిన్లు రాత్రంతా లోతు సముద్రంలో వేటాడి, పగలు విశ్రాంతికి ఈ నిలకడ నీళ్లలోకి వస్తాయి. నాలుగు వైపుల నుంచీ పడవలు చుట్టుముడితే, జనం నీళ్లలోకి దూకి వెంటపడితే ఆ నిద్ర పాడవుతుంది. దూరంగా ఇంజను ఆపి నిలబడితే అవే పడవ పక్కకు వచ్చి వెళ్లే సందర్భాలున్నాయి. అలా నిలబడే కెప్టెన్ ఉన్న పడవనే ఎంచుకోవాలి. అక్కణ్నుంచి నీళ్లలో ఒంటరిగా నిలిచిన క్రిస్టల్ రాక్ అనే పగడపు బండ, తర్వాత బెనితియే దీవి, దాని వెనుక 556 మీటర్ల ల మోర్న్ కొండ వస్తాయి. తప్పించుకున్న బానిసలు ఆ కొండ గుహల్లో తలదాచుకున్నారు. 2008లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఆ పక్కనే ‘సముద్రం అడుగున జలపాతం’ అని ఫోన్లలో తిరిగే చిత్రం ఒకటుంది. అది ఇసుక, ఒండ్రు జారడం వల్ల పైనుంచి కలిగే భ్రమ. హెలికాప్టర్‌లోంచే కనిపిస్తుంది. పడవలోంచి చూద్దామని వెళ్లినవాళ్లకు నిరాశే.

మూడోది ఉత్తరపు దారి, మూడింటిలోకీ అందమైనది. గ్రాండ్ బే నుంచి దిబ్బ దాటి బయటి సముద్రంలోకి వెళ్లాలి. ముందు కొయిన్ ద మీర్ దీవి నిటారు చరియలతో ఎదురవుతుంది. అది పక్షుల రక్షిత ప్రాంతం, దిగనివ్వరు. పొడవాటి తెల్ల తోకతో గాలిలో తేలే పాయి-ఆన్-క్యూ పక్షులు ఆ చరియల్లోనే గూళ్లు పెడతాయి. ఎయిర్ మారిషస్ విమానాల తోక మీద ఉన్నది ఆ పక్షి బొమ్మే. దీవి దాటాక ప్రవాహాలు కలిసే చోట పడవ బాగా ఎగిరెగిరి పడుతుంది. ఆ తర్వాత ఇల్ ప్లాట్, దాని పక్కన చిన్న గాబ్రియేల్ దీవి వస్తాయి. రెండింటి మధ్యనున్న లగూన్‌లో లంగరు దించుతారు.

గాబ్రియేల్ దీవి 1856

ఈ రెండు దీవుల మీద ఇప్పుడు ఊళ్లు లేవు. జనం గొడుగులు పాతుకుని, పిల్లలు ఇసుక ఇళ్లు కట్టుకునే ఆ తీరం ఒకప్పుడు క్వారంటీన్.

బ్రిటిష్ పాలనలో 1835లో మారిషస్‌లో బానిసత్వం రద్దయింది. అంతకు ముందే, 1834 నుంచి, చెరకు తోటలకు భారతదేశం నుంచి ఒప్పంద కూలీలను తేవడం మొదలైంది. 1920 దాకా దాదాపు నాలుగున్నర లక్షల మంది వచ్చారు. వాళ్లు దిగిన పోర్ట్ లూయీ రేవు, ఆప్రవాసి ఘాట్, 2006లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఓడలో కలరా, మశూచి జాడ కనిపిస్తే మాత్రం కూలీలను రేవుకు రానివ్వకుండా ఈ దీవుల్లో దించేవారు. 1856లో కలకత్తా నుంచి వచ్చిన హైదరీ, ఫతే ముబారక్ ఓడల ప్రయాణికులను గాబ్రియేల్ దీవిలో వదిలారు. సరైన నీడ లేదు, తిండి లేదు, తాగడానికి మంచి నీళ్లు లేవు. వందల మంది చనిపోయారు. ఆ వార్తకు కలకత్తాలో ఆగ్రహం రేగి, భారత ప్రభుత్వం మారిషస్‌కు వలసలను కొంతకాలం ఆపేసింది. ఇల్ ప్లాట్ మీద పాత దీపస్తంభం, క్వారంటీన్ భవనాల శిథిలాలు, సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. నోబెల్ బహుమతి పొందిన ఫ్రెంచ్ రచయిత లె క్లెజియో 1995లో రాసిన ‘లా కరాంతేన్’ నవలకు ఈ దీవులే రంగస్థలం.

పడవ కంపెనీల కరపత్రాల్లో ఈ సంగతి ఒక్క వాక్యంగానైనా ఉండదు. ఉండాలి. భోజనానికి ముందున్న గంటలో పావుగంట దీపస్తంభం వైపు నడిస్తే ఎవరి సరదాకూ లోటు రాదు. మారిషస్‌కు వెళ్లిన కూలీల్లో ఉత్తర కోస్తా, గోదావరి జిల్లాల తెలుగువాళ్లూ ఉన్నారు. కోరంగి, విశాఖపట్నం రేవుల మీదుగా వాళ్లు ఓడలెక్కారు. వాళ్ల మునిమనవళ్లు ఇప్పటికీ రామభజనలు చేస్తారు, అమ్మోరు పండుగ జరుపుతారు, సింహాద్రి అప్పన్నకు పూజ పెడతారు. ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు. బడుల్లో తెలుగు చెబుతారు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవిలోనే జరిగాయి. పడవ మీద పళ్లెం అందించే కుర్రాడి ఇంటిపేరు తెలుగుదైతే ఆశ్చర్యపోనక్కర్లేదు. అతనికి క్రియోల్ బాగా వస్తుంది, ఫ్రెంచ్ వస్తుంది. తెలుగు నాలుగు ముక్కలే రావచ్చు. ఆ నాలుగు ముక్కలతోనే పలకరింపు మొదలవుతుంది.

డెక్కు మీద మధ్యాహ్నం

పన్నెండు దాటాక పడవ వెనక భాగంలో బార్బెక్యూ పొయ్యి రాజుకుంటుంది. కోడి, మార్లిన్ లాంటి సముద్రపు చేప, సాసేజ్‌లు, వెల్లుల్లి రొట్టె, పచ్చికూరల సలాడ్, పళ్లు మామూలు వంటకాలు. శాకాహారులు బుక్ చేసేటప్పుడే చెప్పాలి. లేకపోతే సలాడ్, రొట్టెతో సరిపెట్టుకోవాల్సి వస్తుంది. స్థానిక రమ్ము, ఫీనిక్స్ బీరు చాలా పడవల్లో టికెట్టులోనే కలిసి ఉంటాయి. నీళ్లలో దిగడం పూర్తయ్యేదాకా వాటి జోలికి పోకపోవడం క్షేమం.

తిరుగు ప్రయాణంలో సిబ్బంది సెగా పాట ఎత్తుకుంటారు. ఆఫ్రికా, మడగాస్కర్ల నుంచి తెచ్చిన బానిసల నుంచి పుట్టిన సంగీతమిది. మేకతోలుతో చేసిన రవాన్ వాయిద్యాన్ని వాయించే ముందు మంట దగ్గర కాచి బిగిస్తారు. తోటల్లో చావు బతుకుల మధ్య పాడుకున్న ఆ పాటను 2014లో యునెస్కో మానవాళి వారసత్వంగా గుర్తించింది. ఇప్పుడు పర్యాటకులు దానికి నడుం తిప్పుతారు. తప్పేమీ లేదు, అది మొదట్నుంచీ ఆడుతూ పాడే పాటే.

> ఒంటి సంగతి
>
> కడుపులో తిప్పడం: ఒళ్లు కదులుతోందని లోపలి చెవి చెబుతుంటే, కళ్లు పడవ గదినో ఫోనునో చూసి కదలడం లేదంటాయి. ఆ పొసగనితనమే వాంతులకు కారణం. డాక్టరు సలహాతో మాత్ర వేసుకుంటే బయల్దేరడానికి గంట ముందే వేసుకోవాలి. వికారం మొదలయ్యాక అంతగా పనిచేయదు. కడుపు ఖాళీగానూ ఉంచకూడదు, నిండుగానూ తినకూడదు. డెక్కు మధ్యలో కూర్చుని దూరాన నీరు, ఆకాశం కలిసే గీతను చూడాలి.
>
> ఎండ: గాలి చల్లగా తగలడంతో ఎండ తెలియదు. నీళ్ల మీద తేలేవాళ్ల వీపు, మోకాళ్ల వెనక భాగం ముందు కాలిపోతాయి. పొడవు చేతుల ఈత చొక్కా అన్నిటికన్నా మేలు. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్న క్రీములు పగడాలకు హాని చేస్తాయని హవాయి 2021 నుంచి వాటి అమ్మకాన్ని నిషేధించింది. జింక్ ఆక్సైడ్ ఉన్నవి నయం.
>
> నీటి అద్దాలు: అద్దం లోపలి పక్క కొంచెం ఉమ్మి పూసి, సముద్రపు నీళ్లతో కడిగి పెట్టుకుంటే ఆవిరి పట్టదు. ఊపిరి నోటితోనే, నిదానంగా తీయాలి. ఈత రానివాళ్లు లైఫ్ జాకెట్ వేసుకుని ముఖం మాత్రం నీళ్లలో పెట్టి తేలినా పగడాలూ చేపలూ చక్కగా కనిపిస్తాయి.

దిబ్బకు తగిలిన దెబ్బలు

పగడం రాయి కాదు, ప్రాణి. దాని కణజాలంలో సూక్ష్మమైన శైవలాలు ఉండి, సూర్యకాంతితో ఆహారం తయారుచేసి పగడానికి పెడతాయి. పగడానికి రంగునిచ్చేవీ ఎక్కువగా అవే. నీటి వేడి వేసవి గరిష్ఠం కన్నా ఒక డిగ్రీ పెరిగి కొన్ని వారాలు నిలిస్తే పగడం ఆ శైవలాలను బయటికి తోసేసి తెల్లబడుతుంది. త్వరగా చల్లబడితే కోలుకుంటుంది, లేకపోతే చనిపోతుంది. ప్రపంచవ్యాప్తంగా పగడాలు తెల్లబడుతున్నాయని 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అలాంటి విపత్తుల్లో అది నాలుగోది.

2020 జులై 25న వాకాషియో అనే భారీ సరుకు ఓడ ఆగ్నేయ తీరంలో పాయింట్ దెస్నీ దగ్గర దిబ్బ మీదికి ఎక్కేసింది. ఆగస్టు మొదటి వారంలో దాన్నుంచి దాదాపు వెయ్యి టన్నుల చమురు లగూన్‌లోకి కారింది. కరోనాతో పర్యాటకులు లేరు, చేతిలో పని లేదు. వేలమంది సామాన్యులు తీరానికి వచ్చారు. చెరకు ఆకులను గుడ్డ సంచుల్లో కుక్కి, కుట్టి, ఖాళీ సీసాలు కట్టి తేల్చి, చమురును అడ్డుకునే పొడవాటి గొట్టాలు తయారుచేశారు. నల్లటి జిగురు మోచేతుల దాకా పూసుకుని రాత్రీపగలూ పనిచేశారు. ఏ చెరకు కోసం వాళ్ల తాతముత్తాతలను ఓడల్లో తెచ్చారో ఆ చెరకు ఆకులతోనే వాళ్లు తమ సముద్రాన్ని కాచుకున్నారు.

పర్యాటకుల వల్ల తగిలే దెబ్బ ఇంత పెద్దది కాదు, కానీ రోజూ తగులుతుంది. లంగరు పగడాల మీద పడితే దశాబ్దాల ఎదుగుదల ఒక్క క్షణంలో విరుగుతుంది. అందుకే స్థిరంగా పాతిన తేలే బోయాలకు పడవను కట్టాలి, లేదా ఇసుక మీదే లంగరు వేయాలి. ఈదేవాళ్లు పగడం మీద నిలబడకూడదు. చేపలకు రొట్టె ముక్కలు వేయకూడదు. పడవ నీళ్లలోకి ఎక్కువ దిగదు కాబట్టే పగడాలకు అంత దగ్గరగా వెళ్లగలుగుతుంది. ఆ దగ్గరితనమే ఆనందం, ఆ దగ్గరితనమే ప్రమాదం.

ఎప్పుడు, ఎలాంటి పడవ

భూమధ్యరేఖకు దక్షిణాన ఉండడంతో అక్కడి రుతువులు మనకు తలకిందులు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వేసవి. జనవరి నుంచి మార్చి వరకు తుపానుల బెడద ఎక్కువ. మే నుంచి అక్టోబరు దాకా చలికాలం. ఆగ్నేయ పవనాలు బలంగా వీస్తాయి, ముఖ్యంగా జులై, ఆగస్టుల్లో తూర్పు తీరం అల్లకల్లోలంగా ఉంటుంది. అప్పుడు కొండల చాటున్న పడమటి తీరం మేలు. ఏప్రిల్, మే నెలలు, మళ్లీ అక్టోబరు, నవంబరు అన్ని దారులకూ అనుకూలం. మన వేసవి సెలవుల్లో వెళ్లేవాళ్లు ఏప్రిల్ చివరో మే మొదటి వారాల్లోనో ఉత్తరపు దారిని ధైర్యంగా పెట్టుకోవచ్చు. సెలవులో మొదటి రోజుల్లోనే పడవ ప్రయాణం పెట్టుకుంటే, గాలి ఎక్కువై రద్దయినా మరో రోజు వెళ్లే వీలుంటుంది.

పడవను ఎంచుకునేటప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న ఎంతమందిని ఎక్కిస్తారన్నది. ఒకే సైజు పడవలో ఇరవై మంది ఎక్కితే అందరికీ నీడ, వల మీద చోటు దొరుకుతాయి; నలభై మంది ఎక్కితే రెండింటికీ పోటీయే. తీరంలో తిరిగే దళారీ నోటిమాట మీద కాకుండా లైసెన్సు, బీమా ఉన్న నిర్వాహకుల దగ్గర రాతపూర్వకంగా బుక్ చేసుకోవాలి. పిల్లల సైజు లైఫ్ జాకెట్లు ఉన్నాయా, హోటల్ నుంచి తీసుకెళ్లే బండి టికెట్టులో కలిసే ఉందా, వాతావరణం బాగోక రద్దయితే డబ్బు వాపసిస్తారా అన్నవి ముందే తేల్చుకోవాలి. కొన్ని కాటమరాన్లు ఇంజన్ల మీదే వెళ్లొస్తాయి, తెరచాప విప్పనే విప్పవు. గాలి మీద వెళ్లాలన్న కోరిక ఉంటే అదీ ముందే అడగాలి. ఇంజన్లు ఆపి తెరచాప మీద సాగే ఆ అరగంట కోసమే చాలామంది రెండోసారి వెళ్తారు.